ప్రాజెక్టు డైరీ: రంగు పట్టని ప్లాస్టిక్‌కు ప్లాస్మా ట్రీట్‌మెంట్

పని ఏమిటంటే

పాలీప్రొపిలీన్ పలక మీద రెండు భాగాలు కలిపి వాడే పాలీయురెథేన్ పెయింట్ వేయాలి, అది ఊడకూడదు. చెప్పడానికి ఇంతే. ట్రీట్‌మెంట్ లేని పలక మీద వేస్తే, గోటితో ఒక అంచు లేపగానే పెయింట్ మొత్తం ఒకే పొరగా లేచి వచ్చేస్తుంది. పాలీప్రొపిలీన్‌లో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. పెయింట్ అణువులు పట్టుకుని వేలాడటానికి అక్కడ ఏమీ లేదు. దాని ఉపరితల శక్తి మీటరుకు 30 మిల్లీన్యూటన్ల దగ్గర ఉంటుంది, నీటి తలతన్యత 72.8. అందుకే దానిమీద పడ్డ నీళ్లు, తామరాకు మీద అంత కాకపోయినా, బొట్టు కట్టి నిలబడతాయి. బొట్టు అంచు పలకతో నీటి లోపలి వైపు చేసే కోణం కొలిస్తే 100 డిగ్రీల అటూ ఇటూ. నీళ్లు పరుచుకునేకొద్దీ ఈ కోణం తగ్గుతుంది.

ఈ సమస్యకు మందులు చాలానే ఉన్నాయి. మంట చూపించవచ్చు, కరోనా డిశ్చార్జ్ (గాలిలో అధిక వోల్టేజీతో పుట్టించే విద్యుత్ ఉత్సర్గం) కింద నడిపించవచ్చు, క్రోమిక్ ఆమ్లంలో ముంచవచ్చు, క్లోరిన్ ఎక్కించిన పాలీఒలిఫిన్ ప్రైమర్ కొట్టవచ్చు. మేం తక్కువ పీడనం ప్లాస్మాకే ఓటు వేశాం. పలుచని వాయువులోంచి విద్యుత్తు పంపితే అయాన్లు, ఎలక్ట్రాన్లు నిండి వెలిగే స్థితే ప్లాస్మా. చాంబర్‌లో ఏ వాయువు ఉందో, ఎంత పవర్ వెళ్తోందో మన చేతిలో ఉంటుంది. తర్వాత ఉపరితలం మీద ఫలానా రసాయన గుంపు కనిపిస్తే, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగే అవకాశం ఉంటుంది. మంటతో ఆ భరోసా తక్కువ.

ట్రీట్‌మెంట్‌కు ముందే కనిపించిన సిలికాన్

కొత్త పలకలే కదా అని నేరుగా చాంబర్‌లో పెట్టలేదు. ముందు ఒక ముక్కను ఎక్స్‌పీఎస్‌లో చూశాం. ఎక్స్‌రే తగిలినప్పుడు పదార్థంలోంచి బయటపడే ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచి ఏ మూలకం ఎంతుందో, ఏ స్థితిలో ఉందో చెప్పే పద్ధతి ఇది. పై 10 నానోమీటర్లకు మించి చూడదు. మాకు కావలసింది కూడా ఆ పై పొరే. హైడ్రోజన్‌ను ఇది చూడలేదు కాబట్టి, శుద్ధమైన పాలీప్రొపిలీన్ అయితే గ్రాఫులో కార్బన్ పీక్ (శిఖరం) ఒక్కటే రావాలి.

ఒక్కటే రాలేదు. కొద్దిగా ఆక్సిజన్, 102 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర చిన్న సిలికాన్ పీక్. ఆ చోట పీక్ అంటే సిలికోన్, అంటే సిలికాన్-ఆక్సిజన్ గొలుసుకు మిథైల్ గుంపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) తగిలి ఉన్న పదార్థం. పలక అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి వాడే నూనెల్లో ఇది మామూలే.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఆక్సిజన్ ప్లాస్మా సేంద్రియ మురికిని కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మార్చి పంపేస్తుంది కనుక శుభ్రం చేసే పని కూడా అదే చూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. సిలికోన్ దగ్గర ఆ లెక్క కుదరదు. మిథైల్ గుంపులు పోతాయి, సిలికాన్ మాత్రం అక్కడే ఉండి మరింత ఆక్సిజన్ పట్టుకుని గాజులాంటి పొర అవుతుంది. పీక్ 102 నుంచి 103.5 వైపు జరుగుతుంది. ఆ గాజు పొర మీద నీళ్లు చక్కగా పరుచుకుంటాయి. కోణం ఒక్కటే కొలిచేవాళ్లు ట్రీట్‌మెంట్ బ్రహ్మాండంగా కుదిరిందని సంబరపడతారు, పాలిమర్‌కు ఏమీ జరగకపోయినా సరే.

అందుకని పలకలను హెక్సేన్‌లో కాసేపు అల్ట్రాసోనిక్ పెట్టి, ఐసోప్రొపనాల్‌తో కడిగి, నైట్రోజన్ ఊది ఆరబెట్టాం. మళ్లీ చూస్తే సిలికాన్ లేదు, ఆక్సిజన్ ఒక శాతం లోపు. అప్పటి నుంచి పలకలను పట్టకారుతో అంచు దగ్గరే పట్టుకోవడం, శుభ్రమైన అల్యూమినియం రేకులోనే చుట్టడం. ప్లాస్టిక్ జిప్ సంచుల్లో పెట్టడం మానేశాం. ఆ సంచులకు పూసే జారుడు పదార్థాలు పలక మీదికి ఎక్కుతాయి.

చాంబర్

13.56 మెగాహెర్ట్జ్ జనరేటర్, మధ్యలో మ్యాచింగ్ బాక్సు, రెండు సమాంతర ఎలక్ట్రోడ్లు. పరిశ్రమల అవసరాలకు కేటాయించిన ఫ్రీక్వెన్సీ కావడం వల్ల ఇలాంటి యంత్రాల్లో ఈ అంకె తరచూ ఎదురవుతుంది.

పంపులో మామూలు మినరల్ ఆయిల్ ఉంటే ఆక్సిజన్ తోలకూడదు. ఆవిరైన నూనె, ఆక్సిజన్ కలిస్తే పేలుడు ప్రమాదం. ఫ్లోరిన్ ఆధారిత పంపు నూనె వేయించాకే ఆక్సిజన్ లైను తెరిచాం.

లీక్ చూడటానికి పంపు వాల్వ్ మూసి పీడనం ఎలా పెరుగుతుందో రాసుకున్నాం. సన్న రంధ్రంలోంచి గాలి వస్తుంటే పీడనం ఒకే వేగంతో పెరుగుతూ పోతుంది. గోడలకు అంటుకున్న తేమ వదులుతుంటే మొదట గబగబా పెరిగి తర్వాత మందగిస్తుంది. మాది రెండో రకం. కాసేపు ఆర్గాన్ ప్లాస్మా వెలిగించి ఉంచితే తగ్గింది. కిటికీ దగ్గర పెట్టిన చిన్న స్పెక్ట్రోమీటరులో 309 నానోమీటర్ల దగ్గరి హైడ్రాక్సిల్ (నీటి అణువు తెగితే మిగిలే ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) పట్టీ క్రమంగా తగ్గిపోవడం చూస్తే తేమ పోతున్నట్టు తెలిసిపోయింది. గాలి లీక్ ఉంటే 337 దగ్గర నైట్రోజన్ పట్టీ కనిపించేది. పీడనం అంకె ఒక్కదాన్నే నమ్ముకునే కంటే ఈ వెలుగును చదవడం నయం.

పీడనం గురించే ఇంకో మాట. పిరానీ గేజ్ వాయువు ఉష్ణ వాహకతను బట్టి అంకె చూపిస్తుంది. ఆర్గాన్‌లో అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఆక్సిజన్‌నూ ఆర్గాన్‌నూ ఒకే పీడనం దగ్గర పోల్చాలంటే వాయువుతో సంబంధం లేని కెపాసిటెన్స్ గేజ్ కావాలి. మా అంకెలన్నీ దానివే: 0.3 మిల్లీబార్, 50 వాట్లు. రిఫ్లెక్టెడ్ పవర్ (ప్లాస్మాలోకి పోకుండా జనరేటర్ వైపు తిరిగి వచ్చేది) సున్నాకు దగ్గరగా రాకపోతే ఆ రన్ లెక్కలోకి తీసుకోలేదు.

మొదటి రన్‌లు: ఆక్సిజన్

ప్లాస్మా వెలిగిన తొలి సెకన్లలోనే పెద్ద మార్పు వచ్చేస్తుంది. 5 సెకన్లకే కోణం 70 డిగ్రీల లోపుకు దిగింది. 30 సెకన్లకు 55 దగ్గర, 5 నిమిషాలకు 30 దగ్గర. గ్రాఫ్ చూసిన వాళ్లెవరైనా 5 నిమిషాలే ఖాయం చేద్దామంటారు. మా గుంపులోనూ అదే మాట వచ్చింది.

నీటితో పాటు డైఅయడోమీథేన్ బొట్టు కూడా కొలిచాం. దాని తలతన్యత 50.8, అందులో ధ్రువ భాగం (ఆవేశం ఒక పక్కకు ఒరిగిన గుంపుల మధ్య ఆకర్షణ వల్ల వచ్చేది) దాదాపు లేదు. ఈ రెండు ద్రవాల కోణాలతో ఓవెన్స్, వెండ్ట్ 1969లో ఇచ్చిన లెక్క వేస్తే ఉపరితల శక్తిని ధ్రువ భాగం, మిగతా భాగం అని విడదీయవచ్చు. పెరిగిందంతా ధ్రువ భాగమే. అనుకున్నదే కాబట్టి దానిమీద ఎక్కువ సేపు కూర్చోలేదు. డైఅయడోమీథేన్ వెలుతురుకు గోధుమ రంగులోకి తిరుగుతుంది, అలా తిరిగిన సీసా పారబోయాల్సిందే.

కడిగి చూసిన రోజు

ట్రీట్ చేసిన పలకలను శుభ్రమైన నీటిలో ముంచి, మెల్లగా కదిపి, ఆరబెట్టి, మళ్లీ కోణం కొలిచాం. 10 సెకన్ల పలక కోణం నాలుగైదు డిగ్రీలు మాత్రమే పెరిగింది. 5 నిమిషాల పలక 30 నుంచి ఏకంగా 65 దాటింది. ఎక్కువ సేపు ట్రీట్ చేసిన పలక, కడిగాక, తక్కువ సేపు చేసిన దానికంటే ఏమాత్రం మెరుగ్గా లేదు.

కారణం పాలీప్రొపిలీన్ గొలుసులోనే ఉంది. ఒకటి విడిచి ఒక కార్బన్‌కు మిథైల్ కొమ్మ ఉంటుంది. ఆ కొమ్మ ఉన్న చోటి హైడ్రోజన్ సులువుగా ఊడుతుంది, అక్కడ ఆక్సిజన్ చేరుతుంది, తర్వాత గొలుసు అక్కడే తెగుతుంది. పాలీఇథిలీన్‌లో గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడటానికే మొగ్గు, ఇక్కడ తెగడానికి మొగ్గు. ట్రీట్‌మెంట్ సాగేకొద్దీ ఉపరితలం మీద ఆక్సిజన్ నిండిన పొట్టి ముక్కలు పోగవుతాయి. నీళ్లు వాటిని చూసి పరుచుకుంటాయి. కడిగితే అవే నీళ్లతో పాటు కొట్టుకుపోతాయి. పలకకు అంటుకుని లేని ఈ ముక్కల మీద పెయింట్ వేయడమంటే దుమ్ము మీద వేయడమే.

నీటిబొట్టు కోణాన్ని పని చివర తీర్పుగా వాడటం నాకు అసలు నచ్చనిది అందుకే. ట్రీట్‌మెంట్ జరిగిందా లేదా అన్నదానికి అది సరిపోతుంది. ఎంత చేయాలి అన్నదానికి సరిపోదు. కడగకముందు ఒకసారి, కడిగాక ఒకసారి కొలిస్తే అదే పరికరం చాలా చెబుతుంది.

పెయింట్ వేసి గడుల పరీక్ష

పెయింట్ గట్టిపడ్డాక బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, టేపు అంటించి లాగడం. ఫలితం రాసుకునేటప్పుడు ఏ ప్రమాణమో కూడా రాయాలి. ఐఎస్‌ఓ 2409లో 0 అంటే ఒక్క గడీ ఊడలేదని, 5 అంటే ఘోరమని. ఏఎస్‌టీఎం డీ3359లో సరిగ్గా తిరగబడి, 5బీ అంటే ఉత్తమం, 0బీ అంటే అధమం. ఉత్త అంకె రాసి ఇచ్చిన పాత ఫైలు ఒకటి చూసి తల పట్టుకున్నాం.

ఐఎస్‌ఓ లెక్కలో 10 సెకన్ల పలకలు 0, 1. 5 నిమిషాలవి 3, 4. కడిగి ఆరబెట్టిన తర్వాత పెయింట్ వేసిన 5 నిమిషాల పలకలు మళ్లీ 1కి వచ్చాయి. పొట్టి ముక్కల కథ నిజమేనని ఇక్కడ తేలింది.

ఊడిన చోట రెండు ముఖాలనూ ఎక్స్‌పీఎస్‌లో చూశాం. నాకైతే మొత్తం పనిలో బాగా నచ్చిన భాగం ఇదే. పాలీయురెథేన్‌లో నైట్రోజన్ ఉంటుంది, దాని పీక్ 400 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర వస్తుంది. పాలీప్రొపిలీన్‌లో అది లేదు. పలక వైపు నైట్రోజన్ కనిపిస్తే తెగింది పెయింట్‌లోపల. మాకు పలక వైపు నైట్రోజన్ లేదు, ఆక్సిజన్ కొద్దిగా ఉంది. పెయింట్ అడుగు వైపు నైట్రోజన్ పీక్ ఉండాల్సిన దానికంటే బాగా చిన్నది, కార్బన్ పీక్‌లో హైడ్రోకార్బన్ వాటా ఎక్కువ. అంటే పెయింట్ తనకు అంటుకున్న ఆక్సీకరణ పొరను తనతో పాటు లాక్కుని వచ్చేసింది. పెయింట్ పట్టు బాగానే ఉంది, దాని కింద ఉన్నదే పలకను వదిలేసింది.

ఎఫ్‌టీఐఆర్

ఏ పరారుణ కిరణాలను పదార్థం పీల్చుకుంటుందో చూసి అందులోని బంధాలను గుర్తించే పద్ధతి ఇది. అందరూ అడుగుతారు కాబట్టి చేశాం. వజ్రం స్ఫటికంతో ఏటీఆర్ పద్ధతిలో (స్ఫటికానికి పలకను ఆనించి కొలవడం) కిరణం ఒకటి రెండు మైక్రాన్ల లోతుకు వెళ్తుంది. ప్లాస్మా మార్చింది కొన్ని నానోమీటర్లు. జెర్మేనియం స్ఫటికం పెడితే లోతు మైక్రాన్ లోపుకు తగ్గుతుంది, అయినా వందింతల తేడా. 5 నిమిషాల పలకలో 1720 తరంగ సంఖ్య (సెం.మీ.⁻¹) దగ్గర కార్బొనిల్ (కార్బన్-ఆక్సిజన్ జంట బంధం) ఛాయ కాస్త అనిపించింది, 10 సెకన్ల పలకలో ఏమీ లేదు. ఎఫ్‌టీఐఆర్‌లో మార్పు కనిపించలేదు కాబట్టి ట్రీట్‌మెంట్ జరగలేదని ఎవరైనా రాస్తే నమ్మకండి.

కార్బన్ పీక్‌ను విడదీయడం

ప్లాస్టిక్ విద్యుత్తును మోయదు కాబట్టి ఎలక్ట్రాన్లు పోయేకొద్దీ ముక్క ధనావేశం పోగేసుకుంటుంది, పీక్‌లన్నీ జరిగిపోతాయి. తక్కువ శక్తి ఎలక్ట్రాన్లు చల్లి సరిచేసి, హైడ్రోకార్బన్ పీక్‌ను 285.0 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర పెట్టుకుని మిగతావి చదవాలి. ఒక ఆక్సిజన్‌తో ఒంటి బంధం ఉన్న కార్బన్ 286.5 దగ్గర, కార్బొనిల్ 288 దగ్గర, ఆమ్లం లేదా ఎస్టర్ 289 దగ్గర.

పరికరం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ముందు శుభ్రమైన పీఈటీ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) ఫిల్మ్ పెట్టాం. దాని నిర్మాణం ప్రకారం కార్బన్ 71.4 శాతం, ఆక్సిజన్ 28.6 శాతం రావాలి, కార్బన్‌లో మూడు పీక్‌లు 3:1:1 నిష్పత్తిలో ఉండాలి. దగ్గరగా వచ్చాయి. ఇది చేయకుండా మన శాంపిల్ అంకెలు చదవడం దండగ.

మా పలకకు నాలుగు పీక్‌లతో ఫిట్ చేశాక కుడివైపు చిన్న తేడా మిగిలింది. "ఇంకో పీక్ కలిపితే ఫిట్ బాగుంటుంది కదా మేడమ్" అన్నాను, ఆ యంత్రం చూసుకునే మేడమ్‌తో. "పది కలిపితే ఇంకా బాగుంటుందండీ. దానికి ఏ గుంపు పేరు పెడతారో చెప్పండి, కలుపుతాను" అన్నారామె. పేరు చెప్పలేకపోయాను. నాలుగుతోనే ఆపాం.

ఎక్స్‌రేకు పాలిమర్ కొంత దెబ్బతింటుంది. కార్బన్, ఆక్సిజన్ మొదట తీసుకుని, మిగతావన్నీ అయ్యాక కార్బన్ మళ్లీ తీశాం. రెండూ ఒకదానిమీద ఒకటి సరిపోతేనే ఆ ముక్క లెక్కలోకి.

286.5లో హైడ్రాక్సిల్ ఎంత?

ఆ పీక్‌లో ఆల్కహాల్ ఉంటుంది, ఈథర్ ఉంటుంది, హైడ్రోపెరాక్సైడ్ కూడా ఉండవచ్చు. ఎక్స్‌పీఎస్‌కు అన్నీ ఒకటే. పెయింట్‌కు మాత్రం కాదు. దాని గట్టిపరిచే భాగంలోని ఐసోసయనేట్ హైడ్రాక్సిల్‌తో కలిస్తేనే యురెథేన్ బంధం ఏర్పడుతుంది. ఈథర్ ఎంత ఉన్నా ఆ పనికి రాదు.

అందుకే ట్రైఫ్లోరోఅసిటిక్ అన్‌హైడ్రైడ్ ఆవిరిలో పలకలను ఉంచాం. ఇది హైడ్రాక్సిల్‌ను పట్టుకుని అక్కడ మూడు ఫ్లోరిన్లను కూర్చోబెడుతుంది. అంతకుముందు ఉపరితలం మీద ఫ్లోరిన్ లేదు కాబట్టి ఇప్పుడు కనిపించేదంతా ఈ గుర్తే, పైగా ఫ్లోరిన్ పీక్ బలంగా వస్తుంది. ఫ్లోరిన్ శాతాన్ని 3తో భాగిస్తే హైడ్రాక్సిల్. కార్బన్ శాతంలోంచి మాత్రం, ప్రతి హైడ్రాక్సిల్‌కూ గుర్తుతో పాటు వచ్చి చేరిన రెండు కార్బన్లను తీసేయాలి. ఈ తీసివేత మరిచిపోయిన లెక్కలు అక్కడక్కడా కనిపిస్తుంటాయి. ఆవిరి లోపలిదాకా చేరిందో లేదో చూడటానికి పాలీవినైల్ ఆల్కహాల్ ఫిల్మ్ పక్కనే పెట్టాం. దాని హైడ్రాక్సిల్ అంతా చర్యలో పాల్గొంటే ఫ్లోరిన్ 33.3 శాతం రావాలి.

ఫలితం: 286.5 పీక్ కింద ఉన్న కార్బన్‌లో హైడ్రాక్సిల్‌ది సగం కంటే తక్కువ వాటా. కడిగిన 5 నిమిషాల పలకకూ 10 సెకన్ల పలకకూ ఈ వాటాలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎపాక్సైడ్ గుంపులు కూడా ఈ ఆవిరితో చర్య జరుపుతాయి కాబట్టి అసలు హైడ్రాక్సిల్ ఇంకొంచెం తక్కువే కావచ్చు.

ఆర్గాన్

వాయువులో ఆక్సిజన్ లేదు, అయినా ఆర్గాన్‌తో ట్రీట్ చేసిన పలక మీద ఆక్సిజన్ వచ్చింది. వింతేమీ కాదు. ఆర్గాన్ ప్లాస్మా 105, 107 నానోమీటర్ల దగ్గర వెదజల్లే అతినీలలోహిత కిరణాలు బంధాలు తెంచి రాడికల్స్‌ను (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న, చురుకైన చోట్లను) వదులుతాయి. తలుపు తెరవగానే గాలిలోని ఆక్సిజన్ వాటిని పట్టుకుంటుంది. కడిగినప్పుడు వచ్చే తేడా ఆక్సిజన్ ప్లాస్మా కంటే తక్కువ. గడుల పరీక్షలో 10 సెకన్ల ఆక్సిజన్‌తో సమానంగా నిలిచింది. పెయింట్ వేసేదాకా ఆగే సమయం ఎక్కువైతే ఇదే మేలేమో అనిపిస్తోంది.

పాతబడటం

రేకులో చుట్టి పెట్టిన పలకల కోణం రోజురోజుకూ పెరుగుతోంది. మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా. వెచ్చని చోట పెట్టినవి ఇంకా త్వరగా. పాలీప్రొపిలీన్ గాజు దశ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లోనే ఉంటుంది, కాబట్టి గది వేడిమిలోనే దాని గొలుసులు కదులుతుంటాయి. ధ్రువ గుంపులు గాలి వైపు ఉండటానికి ఇష్టపడక లోపలికి తిరుగుతాయి.

ఎక్స్‌పీఎస్‌లో మాత్రం ఆక్సిజన్ శాతం దాదాపు అలాగే ఉంది. రెండు పరికరాలూ పోట్లాడుకుంటున్నట్టు కనిపించినా రెండూ నిజమే చెబుతున్నాయి. నీటిబొట్టుకు తెలిసేది పైపై ఒక నానోమీటరు లోపు సంగతి. ఎక్స్‌పీఎస్ చూసేది 10 నానోమీటర్ల సగటు. ముక్కను 60 డిగ్రీలు వంచి కొలిస్తే ఆ లోతు సగానికి తగ్గుతుంది. అలా కొలిచినప్పుడు ఆక్సిజన్ తగ్గుదల కాస్త కనిపించింది. గుంపులు ఎక్కడికీ పోలేదు, కిందికి దిగాయి. పెయింట్‌లోని ద్రావణి తగిలినప్పుడు వాటిలో కొన్ని మళ్లీ పైకి రావచ్చు కూడా. పాత పలకల మీద గడుల పరీక్ష ఫలితం, కోణం పెరిగినంత దారుణంగా పడిపోకపోవడానికి అదొక కారణం కావచ్చు.

పీటీఎఫ్‌ఈ ముక్క

పీటీఎఫ్‌ఈ అంటే టెఫ్లాన్. పక్కన ఉంది కదా అని ఒకటి పెట్టాం. ఆక్సిజన్ ప్లాస్మాలో దాని కోణం తగ్గలేదు సరికదా పెరిగింది. ఉపరితలం చెక్కుకుపోయి గరుకు తేలుతుంది, ఫ్లోరిన్ మాత్రం అలాగే ఉంటుంది. దీనికి హైడ్రోజనో అమ్మోనియానో పెట్టి ముందు ఫ్లోరిన్‌ను లాగేయాలి. వేరే ప్రాజెక్టు.

ఇప్పుడు నడుస్తున్నది

హెక్సామిథైల్‌డైసైలోక్సేన్ (సిలికాన్, ఆక్సిజన్, మిథైల్ గుంపులున్న ద్రవం) ఆవిరిని ప్లాస్మాలోకి పంపి పలక మీదే పలుచని పూత పెంచుతున్నాం. పెయింట్‌కూ పలకకూ మధ్య ఇది వంతెనలా పనిచేస్తుందేమో చూడాలి. ఇక్కడ ఎఫ్‌టీఐఆర్‌కు మళ్లీ పని దొరికింది, పూత వంద నానోమీటర్లు దాటుతుంది కాబట్టి. ఆక్సిజన్ కలపకపోతే 1260 దగ్గర సిలికాన్-మిథైల్ పట్టీ స్పష్టంగా ఉంటుంది, పూత సిలికోన్ లాగా మెత్తగా, నీటిని వద్దంటూ ఉంటుంది. ఆక్సిజన్ పెంచేకొద్దీ ఆ పట్టీ కరిగిపోయి 1050 చుట్టూ సిలికాన్-ఆక్సిజన్ పట్టీ ఒక్కటే మిగులుతుంది, ఎక్స్‌పీఎస్‌లో సిలికాన్ 103.5కు చేరుతుంది. మొదట్లో సిలికోన్ కడిగేసి రాకుండా చూసుకున్న గాజు పొరనే ఈసారి కావాలని వేస్తున్నాం, కాకపోతే శుభ్రం చేసి, 10 సెకన్లు ట్రీట్ చేసిన పలక మీద.

ఆక్సిజన్ బాగా ఎక్కించిన పూత పలకను వంచితే చిట్లుతోంది. తక్కువ ఎక్కించినదాని మీద పెయింట్ బొట్లు కడుతోంది. అడుగున మెత్తగా మొదలుపెట్టి పైకి వచ్చేకొద్దీ ఆక్సిజన్ పెంచుతూ పోయే రన్‌కు ఫ్లో కంట్రోలర్ సెట్టింగులు రాసి పెట్టాం. వాటి మీద పెయింట్ వేశాక గడుల పరీక్ష పొడిగా ఒకసారి, నీళ్లలో నానబెట్టి ఒకసారి చేయాలి. ఊడితే రెండు ముఖాలూ మళ్లీ ఎక్స్‌పీఎస్‌కే, ఈసారి నైట్రోజన్‌తో పాటు సిలికాన్ ఏ వైపు ఉందో చూడటానికి.